ఇంగ్లండ్ ప్రైమరీ స్కూల్లో మ్యూజిక్, ఫ్రెంచ్ చెప్పాల్సి వస్తే: తెలుగు టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ ప్రైమరీ స్కూల్లో క్లాస్ టీచర్ అంటే లెక్కలు, ఇంగ్లిష్, సైన్స్, ఆటలు అన్నీ ఒక్కరే చెప్పాలి. వాటిలో చాలామందిని భయపెట్టేవి రెండే: మ్యూజిక్, ఫ్రెంచ్. మన తెలుగువాళ్ళు టీచర్లుగా, టీఏలుగా (టీచింగ్ అసిస్టెంట్లుగా), కవర్ టీచర్లుగా (రాని టీచర్ బదులు చెప్పేవాళ్ళుగా) ఇక్కడి స్కూళ్ళలో బాగానే కనిపిస్తున్నారు. వాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. స్కాట్లండ్, వేల్స్ పద్ధతులు వేరు కాబట్టి ఇదంతా ఇంగ్లండ్‌కే.

ఫ్రెంచ్ మాటలను తెలుగులో రాసేటప్పుడు అరసున్న (ఁ) వాడాను. అరసున్న ఉన్నచోట ముందున్న అచ్చును ముక్కుతో పలకాలి, చివర 'న్' అనో 'మ్' అనో పెదవులు, నాలుక మూయకూడదు.

నాకు మ్యూజిక్ రాదు, ఫ్రెంచ్ రాదు. అయినా ఈ రెండూ చెప్పి తీరాలా?

మీరే చెప్పాలని చట్టంలో లేదు, నేషనల్ కరికులమ్ (ప్రభుత్వం నిర్ణయించిన పాఠ్యప్రణాళిక) పాటించాల్సిన స్కూల్ చెప్పించాలని ఉంది. మ్యూజిక్ ఇయర్ 1 నుంచే నేషనల్ కరికులమ్‌లో భాగం. విదేశీ భాష కీ స్టేజ్ 2లో, అంటే ఇయర్ 3 నుంచి ఇయర్ 6 దాకా, 2014 సెప్టెంబర్ నుంచి తప్పనిసరి. అది ఫ్రెంచే కావాలని రూల్ లేదు. ఏ భాషైనా ఎంచుకోవచ్చు, లాటిన్ కూడా సరే. అయితే ఎక్కువ స్కూళ్ళు ఎంచుకునేది ఫ్రెంచే. ఒక భాషనే పట్టుకుని నాలుగేళ్ళు ముందుకు తీసుకెళ్ళాలన్నదే అసలు ఉద్దేశం. ప్రతి ఏడాదీ ఒక కొత్త భాష రుచి చూపించి వదిలేస్తే అది నెరవేరదు.

టీచర్‌కు టైమ్‌టేబుల్లో కనీసం 10 శాతం ప్లానింగ్ టైమ్ ఇవ్వాలి కదా, దాన్నే పీపీఏ అంటాం. ఆ టైమ్‌లో ఈ రెండు సబ్జెక్టులనూ ఇంకొకరికి అప్పగించే స్కూళ్ళు చాలా ఉన్నాయి. ఆ 'ఇంకొకరు' మీరే కావచ్చు, ముఖ్యంగా మీరు టీఏగానో కవర్ టీచర్‌గానో ఉంటే. రాదని ముందే చెప్పి ట్రైనింగ్ అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు, ఇక్కడ అలా అడగడం మామూలే.

స్కూల్ డబ్బు కట్టి వీడియో స్కీమ్ కొన్నది. అది పెడితే సరిపోదా?

వీడియో ఉండటం మంచిదే. ఫ్రెంచ్ ఉచ్చారణకు, పాట సరైన శ్రుతిలో వినిపించడానికి అది మీకన్నా బాగా పనికొస్తుంది. కానీ వీడియో వినిపిస్తుందే తప్ప వినదు. వెనక బెంచీలో ఒక పిల్ల 'బోఁజూర్' అనాల్సిన చోట 'బాన్‌జోర్' అంటోందని దానికి తెలియదు. మూడో లైన్లో సగం క్లాస్ పాట ఆపేసి పెదవులు మాత్రమే కదుపుతోందని తెలియదు. వినాల్సింది మీరే. వినడానికి స్పెషలిస్ట్ కానక్కర్లేదు. ఆ వారం పాఠంలో ఉన్న నాలుగు మాటలో, ఎనిమిది స్వరాలో మీకు గట్టిగా తెలిస్తే చాలు.

అందుకే నేను చెప్పే పద్ధతి ఇది. వీడియో ఒక నిమిషం పెట్టండి, ఆపండి, పిల్లల చేత అనిపించండి, వినండి, సరిచేయండి, మళ్ళీ పెట్టండి. అరగంట వీడియో ఆగకుండా నడిచిందంటే ఆ అరగంటలో క్లాసులో పాఠం జరగలేదు.

నా గొంతు బాగుండదు. పిల్లల ముందు పాడాలంటే టెన్షన్.

ఏడేళ్ళ పిల్లలు మీ గొంతుకు మార్కులు వేయరు. మీరు ఇష్టంగా పాడుతున్నారా, మొక్కుబడిగా పాడుతున్నారా అన్నది మాత్రం ఇట్టే పట్టేస్తారు.

నిజంగా జాగ్రత్తపడాల్సింది శ్రుతి విషయంలో. పెద్దవాళ్ళం పాటను మనకు హాయిగా ఉండే చోట ఎత్తుకుంటాం. అది పిల్లలకు బాగా కింద పడుతుంది. అంత కింద వాళ్ళు పాడలేరు కాబట్టి మాట్లాడినట్టో, అరిచినట్టో వస్తుంది. అప్పుడు మనం 'ఈ క్లాస్‌కు పాడటం రాదు' అనేస్తాం. చిన్న పిల్లల గొంతు మిడిల్ సి (కీబోర్డ్ మధ్యలో ఉండే 'సి' స్వరం) పక్కనున్న 'డి' నుంచి దాని పైనున్న 'ఏ' స్వరం దాకా హాయిగా పలుకుతుంది. చైమ్ బార్ (ఒక్క స్వరం మోగే రేకు) మీద గానీ, కీబోర్డ్ మీద గానీ మొదటి స్వరం వాయించి, అది అందరూ 'ఊ' అని పట్టుకున్నాకే పాట మొదలుపెట్టండి. ఈ ఒక్క అలవాటుతో చాలా క్లాసుల పాట మారిపోతుంది.

మగ టీచర్లు పాడితే కొందరు పిల్లలు ఆ కింది స్థాయినే అందుకోవాలని చూస్తారు. అప్పుడు శ్రుతి బాగా పట్టే ఒక పాప చేత ముందు పాడించి, మిగతా వాళ్ళను ఆమెను అనుసరించమనండి.

చిన్నప్పుడు గీతాల దాకా కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. అది ఇక్కడ పనికొస్తుందా?

చాలా పనికొస్తుంది. మీ చెవి ఇప్పటికే తయారై ఉంది. చేత్తో తాళం వేస్తూ పాడటం మీకు వచ్చు. ఇక్కడ టీచర్లు ట్రైనింగ్‌కు వెళ్ళి నేర్చుకునేది అదే, లయ తప్పకుండా చేతులు ఒక పని, గొంతు ఒక పని చేయడం. ఆది తాళం వేయడం వచ్చిన మనిషికి నాలుగు దెబ్బల బార్‌ను (లయలో ఒక చుట్టును) క్లాసులో నిలబెట్టడం కష్టం కాదు.

స్వరాల సంగతీ అంతే. ఇక్కడి ప్రైమరీ స్కూళ్ళలో డో-రే-మి చేతి గుర్తులు బాగా వాడతారు. 19వ శతాబ్దంలో నార్విచ్‌కు చెందిన సారా గ్లోవర్ మొదలుపెట్టిన పద్ధతిని జాన్ కర్వెన్ చేతి గుర్తులతో విస్తరించారు. దాన్ని తర్వాత హంగరీలో సంగీతకర్త జోల్తాన్ కొదాయ్ బాటలో నడిచినవాళ్ళు బడిపిల్లల పాఠంగా మలిచారు. ఇందులో 'డో' ఎక్కడైనా పెట్టుకోవచ్చు, మన షడ్జమం లాగే. పిడికిలి బిగిస్తే డో, అరచెయ్యి బల్లపరుపుగా నేలవైపు పెడితే మి, అరచెయ్యి మనవైపు తిప్పుకుంటే సో. ఇయర్ 1కు మి, సో రెండే చాలు. ఆ రెండింటితో పేర్లు పిలుచుకోవచ్చు, జవాబులు పాడుకోవచ్చు.

రెండు చోట్ల జాగ్రత్త. మనం సరళీ స్వరాలు మాయామాళవగౌళలో నేర్చుకున్నాం. అక్కడి రిషభం, ధైవతం కిందికి ఉంటాయి. ఇక్కడి డో-రే-మి శంకరాభరణం. అలవాటు కొద్దీ 'రే' కిందికి జారిపోతుంది. పాఠానికి ముందు కీబోర్డ్ మీద తెల్ల మెట్లు సి నుంచి సి దాకా వాయిస్తూ ఒకసారి పాడుకోండి. రెండోది గమకం. మనకు స్వరాన్ని ఊపడం అందం, ఈ పిల్లలకు మాత్రం నిలకడగా, సూటిగా పాడి చూపించాలి. ఊపితే ఏ స్వరం పట్టుకోవాలో వాళ్ళకు అర్థం కాదు.

స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే స్వరలిపి) చదవడం రాదు.

కీ స్టేజ్ 2లో అది కావాలి, తప్పించుకోలేం. అయితే మొత్తం ఒకేసారి అక్కర్లేదు. మొదట లయ గుర్తులు: క్రాచెట్‌కు (ఒక దెబ్బ స్వరానికి) 'టా', జంట క్వేవర్లకు (సగం దెబ్బవి రెండింటికి) 'టి-టి', రెస్ట్‌కు మౌనం. తర్వాత ట్రెబుల్ క్లెఫ్‌లో (పై స్వరాలు రాసే గుర్తుతో) ఐదారు స్వరాలు. క్లాసులో వాయించే పాటలో ఉన్న స్వరాలు మీకు వస్తే ఆ వారానికి చాలు.

గ్లాకెన్‌స్పీల్స్ (కర్రలతో కొట్టి వాయించే లోహపు రేకుల వాయిద్యాలు) ఇవ్వగానే క్లాసంతా గోల. ఏం చేయాలి?

సూచనలన్నీ చెప్పేశాకే వాయిద్యాలు పంచండి. చేతిలో కర్ర పడ్డాక ఏ పిల్లా వినదు, వినాలని ఆశించడం కూడా న్యాయం కాదు. 'రెస్ట్' అనగానే కర్రలు రెండూ భుజాల మీద పెట్టుకోవాలన్న నియమం మొదటి రోజే నేర్పండి. అది వచ్చేదాకా పాట జోలికి వెళ్ళకండి. సగం మంది వాయిస్తుంటే మిగతా సగం అదే లయను మోకాళ్ళ మీద వేయాలి, ఊరికే చూస్తూ కూర్చోకూడదు. తర్వాత మార్చుకోవాలి.

ఇంకో చిన్న విషయం ఉంది, చాలామంది దీన్ని చూడరు. పిల్లలు కర్రను గట్టిగా పట్టుకుని రేకు మీద అదిమిపెడతారు. అప్పుడు 'టక్' మని చచ్చిన శబ్దం వస్తుంది. వేళ్ళు వదులుగా పెట్టి, తగలగానే కర్రను పైకి లేవనివ్వమని చూపించండి. మొదటిసారి ఆ స్వరం గణగణమని మోగినప్పుడు పిల్లల మొహాలు చూడాలి!

కంపోజిషన్ చేయించాలట. నాకే రాదు, పిల్లల చేత ఎలా?

గ్లాకెన్‌స్పీల్ నుంచి ఎఫ్, బి రేకులు తీసేయండి. సి, డి, ఇ, జి, ఏ మిగులుతాయి. ఇది మన మోహన రాగం. ఈ ఐదు స్వరాలను ఏ వరసలో వాయించినా చెవికి గుచ్చుకోదు, అందుకే జర్మన్ సంగీతకర్త కార్ల్ ఓర్ఫ్ పద్ధతిలో పిల్లల చేత సొంతంగా వాయించే పనికి దీన్నే ఎక్కువగా వాడతారు. మీరు సి, జి రెండూ నిదానంగా మోగిస్తూ ఉండండి. ఒక్కొక్కరూ నాలుగు దెబ్బల పాటు తోచింది వాయిస్తారు, చివరికి సి మీద ఆగాలి. 'నీకు నచ్చిన ముక్కను మళ్ళీ అలాగే వాయించగలవా?' అని అడగండి. గుర్తుపెట్టుకుని మళ్ళీ వాయించగలిగితే అది కంపోజిషనే. దాన్ని కాగితం మీద చుక్కలుగానో, స్వరాల అక్షరాలుగానో రాసుకోమనండి.

ఇంటర్‌లో ఫ్రెంచ్ సెకండ్ లాంగ్వేజ్. మంచి మార్కులు వచ్చాయి కానీ ఒక్క మాట మాట్లాడలేను.

మార్కుల కోసమే ఫ్రెంచ్ తీసుకున్నవాళ్ళు మనలో చాలామంది. వ్యాకరణం ఎక్కడో మిగిలే ఉంటుంది, దాన్ని వదులుకోకండి. మీకు లేనిది నోటి అలవాటు ఒక్కటే. ఇయర్ 3 పిల్లలకు కావలసింది కూడా అదే, కాబట్టి వాళ్ళతో పాటే మీకూ వస్తుంది. వారం పాఠంలోని వాక్యాలను ఆడియో విని, ఆపి, గట్టిగా పైకి అంటూ సాధన చేయండి. మనసులో అనుకుంటే సరిపోదు, నోరు తిరగాలి.

(మన పక్కనే, కాకినాడ దగ్గరి యానాంలో 1954 దాకా ఫ్రెంచ్ పాలన ఉండేది. తెలుగు నోటికి ఫ్రెంచ్ ఎన్నడూ అందని భాషేమీ కాదు.)

నా యాసతో ఫ్రెంచ్ చెబితే పిల్లలకు తప్పు నేర్పినట్టు అవుతుందేమో?

ఈ భయం ఉన్నవాళ్ళకు ముందు మంచి కబురు. కొన్ని విషయాల్లో తెలుగు నోరు ఇంగ్లిష్ నోటికన్నా ఫ్రెంచ్‌కు దగ్గర. ఫ్రెంచ్‌లో టి, డి అక్షరాలను పళ్ళకు నాలుక ఆనించి మన త, ద లాగా పలుకుతారు. 'బల్ల' అనే మాట 'తాబ్ల్', టాబ్ల్ కాదు. ప, క పలికేటప్పుడు ఇంగ్లిష్ వాళ్ళలాగా గాలి వదలరు, మనమూ వదలం. ఏ, ఓ అచ్చులను ఇంగ్లిష్ వాళ్ళు చివర్లో 'ఏయ్', 'ఓవ్' అని సాగదీస్తారు. మనం సూటిగా అంటాం, ఫ్రెంచ్‌వాళ్ళూ అంతే. ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు మనం మార్చుకునే అలవాట్లను ఇక్కడ మార్చుకోకుండా ఉంచుకోవాలన్నమాట.

ఇక మనకు లేని శబ్దాలు. మొదటిది, ఫ్రెంచ్‌లో 'యు' అక్షరంతో రాసే అచ్చు. నోటిలో 'ఈ' పెట్టుకుని, నాలుక కదపకుండా పెదవులు మాత్రం 'ఊ' లాగా గుండ్రంగా చుట్టండి. వచ్చే శబ్దం అదే. ఇది ఎందుకు ముఖ్యమో ఒక జంట మాటలు చాలు చెప్పడానికి. 'పైన', 'కింద' అనే రెండు ఫ్రెంచ్ మాటలూ తెలుగులో రాస్తే 'దెసూ' అనే వస్తాయి. చివరి అచ్చులో పెదవి చుట్టిన 'ఈ' ఉంటే పైన, మామూలు 'ఊ' ఉంటే కింద. పిల్లలకు ఇది ఆటగా పెట్టండి. మీరు అనగానే చేతులు పైకో కిందికో చూపించాలి. వాళ్ళు తికమకపడుతున్నారంటే మీ ఉచ్చారణ ఇంకా తేలలేదని మీకూ తెలుస్తుంది.

రెండోది 'స', 'జ' మధ్యలో ఉండే జెడ్ శబ్దం. మనం దాన్ని 'జ' అనేస్తాం. 'ప్వాసోఁ' అంటే చేప. ఆ 'స' స్థానంలో జెడ్ పలికితే విషం. రెస్టారెంట్ సంభాషణ పాఠంలో ఇది చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు.

మూడోది ముక్కు అచ్చులు. తెల్లనిది అనే మాట మగ లింగంలో 'బ్లాఁ', ఆడ లింగంలో 'బ్లాఁష్'. నాలుగోది గొంతులోంచి వచ్చే 'ర'. అది వచ్చేసరికి టైమ్ పడుతుంది. మన నాలుక 'ర'తో అన్నా మాట అర్థమవుతుంది కాబట్టి మొదటి టర్మ్‌లో దాని కోసం ప్రాణం తీసుకోకండి. పైన చెప్పిన అచ్చులు ముందు సరిచూసుకోండి, అవి తప్పితే అర్థమే మారిపోతుంది.

చదవడం మొదలయ్యాక మాట చివర రాసే ఎస్, టి, డి, ఎక్స్, పి అక్షరాలను సాధారణంగా పలకరని చెప్పండి. ఇంగ్లిష్ ఫోనిక్స్‌కు (అక్షరాలను శబ్దాలుగా కలిపి చదివే పద్ధతికి) అలవాటుపడ్డ పిల్లలు రాసిందల్లా చదివేస్తారు. ఇంగ్లిష్‌కు ఫోనిక్స్ నేర్పినట్టే ఫ్రెంచ్‌కూ అక్షరాల జట్లు నేర్పాలి, వారానికి ఒక శబ్దం చొప్పున.

మొదటి టర్మ్‌లో ఏం చెప్పాలి?

హాజరుతో మొదలుపెట్టండి. మీరు 'బోఁజూర్' అని పేరు పిలిస్తే అబ్బాయి 'ప్రేజాఁ' అనాలి, అమ్మాయి 'ప్రేజాఁత్' అనాలి. వ్యాకరణం అనే మాట ఎత్తకుండానే లింగభేదం చెవికి ఎక్కుతుంది. 'ఎకూతే' అంటే వినండి, 'రెగార్దే' అంటే చూడండి, 'రేపేతే' అంటే మళ్ళీ అనండి. ఈ మూడూ ప్రతి రోజూ, మ్యాథ్స్ పాఠంలో కూడా వాడండి. పేరు చెప్పడం, ఎలా ఉన్నావని అడగడం, వయసు చెప్పడం, రంగులు, 31 దాకా అంకెలు. ఆ అంకెలు ఉంటే తేదీ చెప్పొచ్చు. 70 నుంచి ఫ్రెంచ్ అంకెలు వంకర దారి పడతాయి (70 అంటే 'అరవై-పది'), దాన్ని పెద్ద తరగతులకు వదిలేయండి.

వయసు చెప్పేటప్పుడు మాటలు కలిసిపోతాయి, మన సంధుల్లాగే. ఏడేళ్ళు 'సెతాఁ'. తొమ్మిది ఒంటరిగా ఉంటే చివర ఎఫ్ శబ్దం, తొమ్మిదేళ్ళు అనేసరికి అది వ-కారమవుతుంది.

లింగం నాకే అర్థం కాదు. బల్ల ఆడదెలా అవుతుంది?

తెలుగులో బల్లకూ పిల్లికీ లింగం గొడవ లేదు కాబట్టి మనకు వింతగానే ఉంటుంది. కారణం వెతక్కండి. మాటను ఎప్పుడూ ముందున్న చిన్న పదంతో కలిపే నేర్పండి, 'తాబ్ల్' అని కాకుండా 'లా తాబ్ల్' అని. ఫ్లాష్‌కార్డ్ అంచుకు రెండు రంగులు వేస్తే పిల్లలు రంగుతో గుర్తుపెట్టుకుంటారు. 'నువ్వు', 'మీరు' తేడా మాత్రం మీకు చెప్పాల్సిన పని లేదు. ఫ్రెంచ్‌లో 'తు', 'వూ' దాదాపు అలాగే నడుస్తాయి. పిల్లలు మిమ్మల్ని 'వూ' అనాలని మొదటి రోజే చెప్పండి.

రెండు సబ్జెక్టులూ కలిపి చెప్పొచ్చా?

చెప్పొచ్చు, లాభం కూడా. వారాల పేర్లను లయగా చప్పట్లతో అనిపించండి. సోమవారం 'లఁ-ది' రెండు దెబ్బలు, బుధవారం 'మెర్-క్రె-ది' మూడు. ఫ్రాన్స్‌లో పిల్లలు స్వరాలను సి, డి, ఇ అనరు, దో, రే, మీ అనే అంటారు. వాళ్ళకు దో ఎప్పుడూ కీబోర్డ్ మీది సి మెట్టే, ఏడో స్వరాన్ని ఇక్కడిలా 'తి' అనరు, 'సీ' అంటారు. ఇయర్ 5కు ఇది చెబితే ఒక పాఠంలో రెండు సబ్జెక్టులూ పలుకుతాయి.

ఒక హెచ్చరిక. ఫ్రెంచ్ పాటల్లో మాట చివరి మౌన అచ్చును తరచుగా ఒక స్వరం ఇచ్చి పాడతారు, మాటల్లో అది వినపడదు. పాట నేర్పాక అవే మాటలు మామూలుగా ఒకసారి అనిపించండి. ఇంకొకటి, ఫ్రెంచ్ పాట పాడినంత మాత్రాన ఆ వారం మ్యూజిక్ అయిపోయినట్టు కాదు. శ్రుతి, లయ మీద పని జరిగితేనే అది మ్యూజిక్ పాఠం.

క్లాసులో ఇంట్లో ఫ్రెంచ్ మాట్లాడే పిల్లాడు ఉన్నాడు. నా తప్పులు పట్టుకుంటే?

పట్టుకోనివ్వండి. ఫ్రాన్స్ నుంచో, కాంగో నుంచో, ఐవరీ కోస్ట్ నుంచో వచ్చిన కుటుంబాల పిల్లలు ఇక్కడి క్లాసుల్లో ఉంటారు. ముందురోజే ఆ పిల్లాడితో విడిగా మాట్లాడి, ఇష్టమైతే కొత్త మాటలను తను ముందు అనమని అడగండి. అందరికీ అది ఇష్టం ఉండకపోవచ్చు, బలవంతం వద్దు. ప్రతి వారం అసిస్టెంట్‌గా వాడుకోవడమూ తప్పే. ఆ పిల్లాడికీ నేర్చుకునే పని ఉండాలి. చదవడానికి చిన్న కథో, రాయడానికి పేరాగ్రాఫో ఇవ్వండి. మాట్లాడటం వచ్చి రాయడం రానివాళ్ళు చాలామంది.

తెలుగు, ఉర్దూ, పోలిష్ ఇంటి భాషగా ఉన్న పిల్లలకు ఫ్రెంచ్ క్లాస్ మంచి చోటు. ఇంగ్లిష్‌లో వెనకబడి ఉన్నామని దిగులుపడే పిల్ల ఇక్కడ అందరితో పాటు సున్నా నుంచి మొదలవుతుంది. రెండు భాషల మధ్య మారడం ఆమెకు ముందే అలవాటు. ఇంగ్లిష్ పూర్తిగా రాలేదని ఆమెను ఫ్రెంచ్ టైమ్‌లో బయటికి పిలిచి వేరే పని చేయించే అలవాటు కొన్నిచోట్ల చూస్తాను. దయచేసి అలా చేయకండి. ఆ వారంలో ఆమె గెలిచే పాఠం అదొక్కటే కావచ్చు.

టైమ్ ఎక్కడ?

మ్యూజిక్‌కు వారానికి కనీసం ఒక గంట ఉండాలని 2022 జూన్‌లో వచ్చిన జాతీయ సంగీత ప్రణాళిక చెబుతోంది. హెడ్‌టీచర్‌ను అడిగేటప్పుడు ఆ సంగతి చెప్పండి. భాషకు అలాంటి లెక్క లేదు. నా అనుభవంలో వారానికి ఒకసారి 40 నిమిషాలు చెప్పి ఆరు రోజులు మరిచిపోవడం కన్నా, 20 నిమిషాల పాఠం ఒకటి పెట్టి, లైన్లో నిలబడేటప్పుడు, లంచ్‌కు ముందు రోజూ ఐదేసి నిమిషాలు అనిపించడం బాగా నిలుస్తుంది.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

ప్రతి ప్రాంతానికీ ఒక మ్యూజిక్ హబ్ ఉంటుంది. 2024 సెప్టెంబర్ నుంచి ఇంగ్లండ్ మొత్తానికి 43 హబ్‌లు. వాయిద్యాలు అద్దెకు ఇవ్వడం, క్లాసంతటికీ యుకలేలీ లాంటివి నేర్పే టీచర్‌ను పంపడం, ట్రైనింగ్ పెట్టడం వాళ్ళ పని. బయటి టీచర్ వచ్చినప్పుడు మీరు వెనక కూర్చుని పుస్తకాలు దిద్దకండి, ఒక యుకలేలీ తీసుకుని పిల్లల మధ్య కూర్చోండి. అంతకన్నా మంచి ట్రైనింగ్ ఉచితంగా దొరకదు. పాఠాలకు ఓక్ నేషనల్ అకాడమీ వెబ్‌సైట్‌లో రెండు సబ్జెక్టులకూ ఉచిత ప్లాన్లు ఉన్నాయి. ఏ ఇయర్‌కు ఏ స్థాయి మ్యూజిక్ అన్నది 2021లో విద్యాశాఖ ఇచ్చిన మోడల్ మ్యూజిక్ కరికులమ్‌లో చూడొచ్చు. అది తప్పనిసరి కాదు, దారి చూపడానికే.

పిల్లలు నేర్చుకున్నారని ఎలా చూపించాలి?

రికార్డ్ చేయండి. సెప్టెంబర్‌లో క్లాస్ పాడిన పాట, ఒక్కో జట్టు చెప్పిన ఫ్రెంచ్ వాక్యాలు స్కూల్ టాబ్లెట్‌లో పెట్టి, వేసవి టర్మ్‌లో మళ్ళీ అదే చేయించండి. వర్క్‌షీట్ల దొంతర కన్నా అది ఎక్కువ చెబుతుంది. పిల్లలూ విని తమ మార్పును తామే గుర్తిస్తారు.

ఇయర్ 7లో సెకండరీ స్కూల్ స్పానిష్ చెబితే ఈ శ్రమంతా వృథా కదా?

అలా జరుగుతుంది, అదే బాధ. ఒకే భాష ఉన్నా మళ్ళీ రంగుల దగ్గర నుంచే మొదలుపెట్టే సెకండరీలు ఉన్నాయి. మీ చేతిలో ఉన్నది చేయండి. ఇయర్ 6 చివర్లో ఒక పేజీ రాసి సెకండరీ భాషా విభాగానికి పంపండి. పిల్లలు ఏ శబ్దాలు చదవగలరు, ఏ క్రియలు వాడగలరు, ఎన్ని వాక్యాలు చూడకుండా రాయగలరు అన్నవి ఉంటే చాలు. మ్యూజిక్‌కూ ఒక పేజీ రాయండి. ఎవరు ఏ వాయిద్యం నేర్చుకుంటున్నారో అందులో తప్పక ఉండాలి, ఎందుకంటే స్కూల్ మారే ఆ వేసవిలోనే చాలామంది వాయిద్యం వదిలేస్తారు. సెప్టెంబర్ మొదటి వారంలోనే ఆ పిల్లను కొత్త మ్యూజిక్ టీచర్ పేరు పెట్టి పిలిచి ఆర్కెస్ట్రాకు రమ్మంటే ఆమె కొనసాగే అవకాశం ఉంది.